గుంటగలగర కాదు, అన్నా!

దుబాయి సత్వాలో మా బిల్డింగు వెనక, ఏసీల నీళ్ళు కారే గోడవార ఒక మొక్క మొలిచింది. నడుమెత్తు పెరిగాక గానీ ఎవరి కంటా పడలేదు. పడ్డాక మాత్రం రూములో అందరూ దాని చుట్టాలే.

"గుంటగలగరనే తమ్మీ! నూనె కాస్తే బట్టతల మీద గూడ వెంట్రుకలొస్తయ్" అన్నాడు జగిత్యాల అన్న. దుబాయిలో జుట్టు పలచబడ్డ ప్రతివాడూ నేరం షవర్ నీళ్ళ మీదే మోపుతాడు కాబట్టి ఆ మాటకు వెంటనే బలం వచ్చింది. "గడ్డిచామంతిరా, దెబ్బలకి పసరు పిండుతాం" అన్నారు భీమవరం బాబాయ్. నేను చదివింది బోటనీ, చేసేది ఎకౌంట్స్. ఇలాంటి అవకాశం గల్ఫులో మళ్ళీ రాదని విచారణకు దిగాను.

ముందు ఆకులు. వాళ్ళు చెప్పిన రెంటికీ కణుపు దగ్గర ఆకులు జంటగా, ఎదురెదురుగా వస్తాయి. దీనికి ఒకటి ఇటు, ఆపైన ఇంకోటి అటు. సన్నగా, పొడుగ్గా, తొడిమ లేకుండా.

"ఎండకు విడిపోయినయేమో" అన్నాడు అన్న.

గుంటగలగర కాండం ముట్టుకుంటే గరుకు. ఇది నున్నగా, నిటారుగా ఉంది. "ఏసీ నీళ్ళు గదా!"

ఇక పువ్వు. మనం ఒక పువ్వనుకునేది నిజానికి చిట్టి పూల గుంపు. గడ్డిచామంతికైతే పొడవాటి కాడ చివర ఒకే పూగుత్తి, అంచున ఐదారు లేతపసుపు రేకులు, ఒక్కో రేకు కొసన మూడు నొక్కులు. దీని తెల్లటి రేకులు తెల్లటి నూగుకుచ్చు దాటి బయటికి రావడానికే మొహమాటపడుతున్నాయి. కింది పొలుసుల మొనల్లో ఊదా ఛాయ. బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని, "గడ్డి మటుకు ఖాయం" అని తప్పుకున్నారు.

ఇది అడవి ఆస్టర్. పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఆస్టర్ స్క్వామేటస్ అనేవారు. 1990లలో గై నెసమ్ అనే శాస్త్రవేత్త దీన్ని సింఫియోట్రైకమ్ ప్రజాతిలోకి మార్చాడు. ఇంటిపేరు మారినా టైపింగ్ సెంటర్ చుట్టూ తిరగక్కర్లేని ప్రవాసి ఇదొక్కటే. కుచ్చుగింజ గాలికి వచ్చి ఉండొచ్చు, ప్లాంట్ స్ట్రీట్‌లో ఎవరో కొన్న కుండీ మట్టిలోనైనా వచ్చి ఉండొచ్చు.

ఆఖరి పరీక్ష: గుంటగలగర ఆకు నలిపితే పసరు నల్లబడుతుంది. అన్న నలిపాడు. బొటనవేలు పచ్చగానే ఉంది.

"జర ఆగు, నల్లబడ్తది."

రాత్రి భోజనాలదాకా ఆగాం. పచ్చగానే అన్నం కలుపుకున్నాడు.

సెలవునాడు సూపర్‌మార్కెట్‌లో భృంగరాజ్ తైలం (అదే, గుంటగలగర నూనె) సీసా తీసి, దాని మీది బొమ్మ నా కళ్ళముందు పెట్టాడు. "సక్కగ చూసి చెప్పు తమ్మీ, ఆకులు ఎదురెదురుగనే ఉన్నయా?"