తిరగబడ్డ తరగతి

అయ్యవార్లకు ఇన్నేళ్లూ తెలియని రహస్యం ఈమధ్య శిక్షణ తరగతుల్లో బయటపడింది. బడిలో పాఠం చెప్పడమే తప్పట! పాఠం వీడియోగా ఇంటికెళ్లాలి, హోంవర్క్ బడికి రావాలి. దీని పేరు ఫ్లిప్డ్ లెర్నింగ్. బడి పాఠాన్నీ ఆన్‌లైన్ పాఠాన్నీ కలిపే బ్లెండెడ్ లెర్నింగ్ కూడా తోడైతే ఇక తిరుగే లేదు. ఈ ముక్క చెప్పడానికి రిసోర్స్ పర్సన్ పొద్దంతా నిలబడి స్లైడ్లు చదివి వినిపిస్తాడు. అదే వీడియో చేసి అయ్యవార్ల ఇళ్లకు పంపొచ్చు కదా అని ఎవరూ అడగరు. టీఏ పోతుంది మరి.

సరే, పాఠం ఇంటికి బయల్దేరింది. పలమనేరు పక్క పల్లెలో ఎనిమిదో తరగతి పిల్ల. ఇంట్లో ఫోను ఒక్కటే. అది నాయన జేబులో మదనపల్లె టమాటా మార్కెట్‌కు పోయింది. ధర తేలి, ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి చార్జింగ్ రెండు శాతం, మిగిలిన డేటా అన్న రీల్స్‌కే చాలదు. తెల్లవారుజామున లేచి ఆ పిల్ల అమ్మతోపాటు ఆవుల దగ్గరికి పోవాలి, పాల క్యాను డెయిరీకి చేర్చాలి.

‘వీడియో చూసినారా?’ అంటాడు సారు. ‘చూసినాం సార్!’ తరగతంతా ఒకే గొంతు. ఇక చర్చ మొదలవ్వాలి. అంతలో హాజరు యాప్ పిలుస్తుంది. ఆపైన మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క. పాఠం బడి గడప దాటింది, ఇల్లు మాత్రం చేరలేదు.

ఈ ఫ్లిప్డ్ పద్ధతిని జనంలోకి తెచ్చిన బెర్గ్‌మన్, సామ్స్ అమెరికాలోని కొలరాడోలో కెమిస్ట్రీ టీచర్లు. 2007 ప్రాంతంలో, బడికి రాలేని పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. దాంతో తరగతిలో పిల్లల పక్కన కూర్చునే తీరిక దొరికింది వాళ్లకు. మనం ఆ తీరికను అక్కడే వదిలేసి రికార్డింగును మాత్రం దిగుమతి చేసుకున్నాం.

ఫోను సరే, బడిపిల్లలకు ట్యాబుల ముచ్చటా తీరింది. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, బైజూస్ కంపెనీ పాఠాలు ఎక్కించిన ట్యాబుల పంపిణీ మొదలైంది. మొత్తం 5 లక్షలకు పైగా. 2024 జులైకల్లా ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ! తరగతి తిరగబడుతుందన్నారు, కంపెనీ తిరగబడింది.

ఇంతకీ పిల్లవాడు తన వేగంతో తాను నేర్చుకోవడం మనకు కొత్తా? పాత చిత్తూరు జిల్లాలోనే, రిషివ్యాలీ స్కూలు చుట్టుపక్కల పల్లె బడుల్లో దశాబ్దాల కిందటే పాఠాలను కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఎవరు ఏ మెట్టు మీదుంటే ఆ కార్డు తీసుకుంటారు. తడబడే బిడ్డ పక్కన టీచరు కూర్చుంటారు. ఆ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ బడులదాకా పాకింది. చార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అట్టముక్కలకు ఎంతని టెండరు పిలుస్తారు? అందుకే కాబోలు, స్లైడ్లలో దానికి చోటు దొరకలేదు.

అధికారులకు ఒక మనవి. తిప్పాలని అంత సరదాగా ఉంటే ముందు ఆ యాప్‌లను మీ ఆఫీసుకు తిప్పుకోండి. గుడ్లు మీరు లెక్కపెట్టండి. పాఠం మా అయ్యవారు చెప్పుకుంటాడు.