తలకాయలు లెక్కపెట్టే దొరవారికి

యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ డైరెక్టరు గారి దివ్యసముఖమునకు,
ఆస్టిన్, టెక్సస్.

విషయం: హైస్కూలు ఫుట్‌బాల్ – తరగతులు, జిల్లాలు, ప్లేఆఫ్‌ల పునర్విభజన – అభ్యంతరాలు సమర్పించుకొనుట గురించి.

అయ్యా,

నేను పశ్చిమ గోదావరిలో డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రస్తుతం డాలస్‌కు ఉత్తరాన మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవడు హైస్కూలు బ్యాండులో ట్రాంబోను వాయిస్తాడు. బంతి ముట్టుకోడు. అయినా శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఇంటిల్లిపాదీ స్టేడియంలో ఉండాల్సిందే. బ్యాండు పోటీలు పెట్టేదీ, స్పెల్లింగు పోటీలు పెట్టేదీ, ఫుట్‌బాల్ నడిపేదీ అంతా తమరేనట. అసలు 1910లో పిల్లల డిబేట్ల కోసం పుట్టిన సంస్థట తమది. వాదన విని పెంచుకున్న చెవులు కాబట్టి కాస్త ఓపిక పడతారని నమ్ముతున్నాను.

ఆటలో నాకు ప్రవేశం లేదు. విభజనలో ఉంది. 2022 ఏప్రిల్లో మా రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు అభ్యంతరాల దరఖాస్తులు కట్టలు కట్టిన చేతులివి. అప్పుడు పైవాళ్లు పెట్టుకున్న సూత్రం ఒక్కటే: ఒక పార్లమెంటు స్థానానికి ఒక జిల్లా. పలక మీద రాసినంత శుభ్రంగా ఉంది. తీరా చూస్తే అరకు స్థానం మరీ పెద్దదైపోయి దాన్ని రెండు జిల్లాలు చెయ్యాల్సి వచ్చింది. నరసాపురం స్థానానికి ముఖ్యపట్టణం భీమవరం అనేసరికి నరసాపురం రోడ్డెక్కింది. పుట్టపర్తి పేరు వినగానే హిందూపురం బంద్ అంది. వచ్చినవాళ్లందరికీ మేం చెప్పిన జవాబు ఒకటే, "సూత్రం ప్రకారం చేశామండీ." ఆ మాటలో ఎంత సుఖం ఉందో ఉద్యోగం చేసినవాడికే తెలుస్తుంది. తమరి సూత్రం కూడా ఆ సుఖం కోసమే పుట్టిందని నా అనుమానం.

తమరి సూత్రం నాకు అర్థమైనంతవరకు ఇదీ. రెండేళ్లకోసారి అక్టోబరు చివర్లో ఒక రోజు రాష్ట్రంలో ప్రతి బడీ తొమ్మిది నుంచి పన్నెండు వరకు చదివే పిల్లల్ని లెక్కపెట్టి పంపుతుంది. ఫిబ్రవరి మొదట్లో తమరు గీతలు గీస్తారు. 2024లో 2,275 మంది, ఆ పైన ఉన్న బడులు 6A. 104.9 మంది, ఆ లోపు ఉన్నవి 1A. మిగతావి మధ్యలో. ఆ 0.9 పిల్లవాడు ఎవరో, ఏ క్లాసులో కూచుంటాడో నేను అడగను. మా అడంగళ్లలో ఎకరాలు సెంట్లుగా చీలిపోవడం చూసినవాణ్ణే. కానీ 2022లో 6A గీత 2,225 దగ్గర ఉండేది. అంటే 2,250 మంది ఉన్న బడిలో ఒక్క పిల్లాడు పెరగకపోయినా, తగ్గకపోయినా, రెండేళ్లలో ఆ బడి పెద్దవాళ్ల పంక్తి నుంచి లేచి చిన్నవాళ్ల పంక్తిలో కూచుంటుంది. పిల్లలు ఎదగలేదు, గీత కదిలింది.

పోనీ, తలలు లెక్కపెడితే బలం తెలుస్తుందా? తమరికి 2013 అక్టోబరు గుర్తుండే ఉంటుంది. ఫోర్ట్‌వర్త్ పక్కన ఎలీడో అనే ఊరి బడి, ఫోర్ట్‌వర్త్‌లోనే వెస్టర్న్ హిల్స్ అనే బడి, రెండూ తమరి లెక్కలో ఒకే తరగతి, ఒకే జిల్లా, అంటే ఒకరితో ఒకరు ఆడాల్సిన జట్ల గుంపు. స్కోరు 91–0. ఎలీడో కోచ్ మొదటి జట్టును తొందరగా పక్కన కూచోబెట్టాడు, రెండో సగమంతా గడియారం ఆపకుండా పరిగెత్తించారు. అయినా అంత. ఓడిన జట్టులో ఒక పిల్లాడి తండ్రి, ఇది ఆట కాదు, మా పిల్లల్ని వేధించడం అని ఫిర్యాదు పెట్టాడు. విచారణ చేసి, వేధింపు ఏమీ లేదని తేల్చారు. నిజమే, లేదు. కానీ ఆ ఫిర్యాదు తప్పు చిరునామాకు వెళ్లిందని నాకనిపిస్తుంది. ఆ రెండు బడుల్ని ఒక మైదానంలోకి తెచ్చింది ఎలీడో కోచ్ కాదు కదా.

ఎలీడో వాళ్లు 2023 నాటికి 12 రాష్ట్ర టైటిళ్లు గెలిచారు. టెక్సస్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. ఇండియానాలో అయితే అలా గెలుస్తూ పోయే జట్టును బలవంతంగా పై తరగతికి పంపేస్తారు. ఆ పద్ధతి నాకు అంత నచ్చలేదు. అలా గెలిచిన పిల్లలు ఈపాటికి కాలేజీకి వెళ్లిపోయి ఉంటారు. శిక్ష వాళ్ల తమ్ముళ్లకు. కాలిఫోర్నియా దక్షిణ ప్రాంతంలో ఇంకో పద్ధతి ఉంది: సీజను అంతా ఆడించి, కంప్యూటరు ఇచ్చిన మార్కుల్ని బట్టి ఎవరు ఏ డివిజన్లో ప్లేఆఫ్ ఆడాలో చివర్లో తేలుస్తారు. ఆ లెక్క ఎలా వచ్చిందో మా ఆవిడకు నేను, నాకు మా అబ్బాయి, ఎవరం ఎవరికీ చెప్పలేకపోయాం. అర్జీదారుడికి విడమరిచి చెప్పలేని లెక్క ఆఫీసులో ఉండకూడదు.

నాకు నచ్చింది మినెసొటా. అక్కడ బడిలో ఎంతమంది పిల్లలు ఉచితంగానో, తగ్గింపు ధరకో భోజనం తినే అర్హత ఉన్నవాళ్లో చూసి, వాళ్ల సంఖ్యలో కొంత భాగాన్ని మొత్తం లెక్కలోంచి తీసేస్తారు. ఎందుకంటే సాయంత్రం దుకాణంలో పనికి వెళ్లే పిల్లాడూ, తమ్ముణ్ణి చూసుకోవాల్సిన పిల్లాడూ హాజరు పట్టీలో ఉంటారు కానీ ప్రాక్టీసుకు రారు. వేసవిలో ప్రైవేటు కోచ్ దగ్గరికి వెళ్లే పిల్లాడు ఒక్కడైనా ఇద్దరి పెట్టు. ఇది కూడా లెక్కేనండీ. ఎవరూ వాదించలేని అంకెలే. ఆ అంకెలు బడుల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. తమరు ఒక కాలమ్ కలుపుకుంటే చాలు.

అసలు పిల్లల సంఖ్య కూడా ఊరు చేసుకున్న నిర్ణయమే కదా. మా ఇంటికి చుట్టుపక్కలే రెండు ఊళ్లున్నాయి. ఆలెన్‌లో ఊరంతటికీ ఒకే హైస్కూలు. 2012లో 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 మంది కూచునే స్టేడియం కట్టుకున్నారు. రెండేళ్లు తిరక్కుండా కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేశారు. (ఆ వార్త చదివినప్పుడు ఒక్క క్షణం స్వదేశంలో ఉన్నట్టు హాయిగా అనిపించింది.) స్టేడియం మూతపడిన ఆ 2014లో కూడా, కైలర్ ముర్రే క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగా, వాళ్లే రాష్ట్ర విజేతలు. పక్కనే ఫ్రిస్కో. మా తెలుగువాళ్లు వీధికి పదిమంది కనిపించే ఊరు. అక్కడ పెద్ద బడి వద్దని పట్టుపట్టి పన్నెండు హైస్కూళ్లు కట్టుకున్నారు. ప్రతి బడిలోనూ బ్యాండుకీ, నాటకానికీ, జట్టుకీ ఎక్కువమంది పిల్లలకు చోటు దొరకాలని వాళ్ల ఉద్దేశం. తమరి గీతల ప్రకారం ఆలెన్ 6A, ఫ్రిస్కో బడులు ఎక్కువగా 5A. ఊరు కట్టుకున్న గోడల్ని బట్టి పిల్లాడి తరగతి మారుతోందని దీనివల్ల తెలుస్తోంది. ఇందులో తమరి తప్పేమీ లేదు. సూత్రం ప్రకారమే చేశారు.

ఇక అసలు అభ్యంతరం. 5A నుంచి కిందికి, ప్రతి తరగతినీ ఫిబ్రవరిలోనే పెద్ద బడులు, చిన్న బడులు అని రెండు డివిజన్లుగా విడదీస్తారు. ఎవరి దారి ఏమిటో అందరికీ ముందే తెలుస్తుంది. 6Aలో మాత్రం అలా కాదు. సీజను అయిపోయి, జిల్లాకు నాలుగు జట్లు తేలాక, ఆ నలుగురిలో పిల్లలు ఎక్కువున్న రెండు బడులు మొదటి డివిజనుకి, తక్కువున్న రెండు రెండో డివిజనుకి. అంటే ఒక జిల్లాలో 4,000 మంది ఉన్న బడి "చిన్నది" కావచ్చు, ఇంకో జిల్లాలో 2,400 మంది ఉన్నది "పెద్దది" కావచ్చు. మనం ఎంత పెద్దవాళ్లమో మన పక్కన ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి. అది కూడా ఆఖరి శుక్రవారం రాత్రి, పక్క ఊళ్లో ఎవరు గెలిచారన్నదాన్ని బట్టి. మా మనవడి జట్టు తన మ్యాచ్ గెలిచేసి కూడా, ముప్ఫై మైళ్ల అవతల ఇంకెవరో ఓడితే ఒక బ్రాకెట్టు, గెలిస్తే ఇంకో బ్రాకెట్టు. పొలం ఎవరిదో పక్కరైతు పంట చూసి తేల్చే సర్వే నేను ఎక్కడా చూడలేదు.

తమరి తరఫు వాదన నాకు తెలుసు. 6Aని ముందే రెండు ముక్కలు చేస్తే, ఒక్కో ముక్కలో జిల్లాలు సాగిపోతాయి. పక్క ఊరి జట్టుతో ఏటా ఆడే మ్యాచ్ పోతుంది, పిల్లలు బస్సుల్లో అర్ధరాత్రి దాకా తిరగాలి. పడమటి టెక్సస్‌లో ఈ వాదనకు బలం ఉంది. ఎల్ పాసో జట్లకు ఇప్పుడే ప్లేఆఫ్ తొలి రౌండులో మిడ్‌లాండ్, ఒడెస్సా జట్లు ఎదురైతే మూడొందల మైళ్ల దూరం. గడియారం కూడా గంట మారుతుంది. కొత్త జిల్లాల్లో రంపచోడవరం వాళ్లు పాడేరు దాకా వెళ్లాల్సి వచ్చినప్పుడు వాళ్ల తిట్లు నేనూ విన్నాను. కానీ డాలస్, హ్యూస్టన్‌లలో బడి పక్కన బడి. అక్కడ ఈ బెంగ ఎందుకు? దూరం ఉన్నచోట ఒక పద్ధతి, దగ్గర ఉన్నచోట ఇంకో పద్ధతి పెట్టుకోవచ్చు. రాష్ట్రమంతటికీ ఒకే కొలబద్ద ఉంటే తనిఖీకి సులువు తప్ప ఇంకేమీ లేదు.

పనిలో పని ఇంకోటి. 11 మంది ఆటలో జిల్లాకు నలుగురికి ప్లేఆఫ్ టికెట్టు. కొన్ని జిల్లాల్లో ఉన్నదే ఐదు జట్లు. అన్ని తరగతులూ కలిపితే 704 జట్లు ప్లేఆఫ్‌కు వెళ్తాయి, పన్నెండు మంది రాష్ట్ర విజేతలు వస్తారు. ఆడే జట్లలో సగానికి పైన పాసైపోతున్నారన్న మాట. ఇది మంచో చెడో నేను తేల్చను. కానీ ఐదుగురిలో మిగిలిపోయిన ఆ ఒక్క జట్టు పిల్లల మొహాలు ఒకసారి చూడండి. పది మందిలో ఓడితే ఓటమి. ఐదుగురిలో ఒక్కడే మిగిలితే అది ఊరు ఊరంతా మాట్లాడుకునే సంగతి.

పూర్వం ఇలా ఉండేది కాదట. 1988లో జిల్లాకు రెండే టికెట్లు. ఒడెస్సా పర్మియన్‌తో కలిపి మూడు జట్లు సమానంగా నిలిస్తే, ముగ్గురు కోచ్‌లూ రాత్రివేళ లారీలు ఆగే హోటల్లో కలుసుకుని నాణెం ఎగరేశారు. పర్మియన్‌కు నాణెం కలిసొచ్చి సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఏడాది కథనే బిసింజర్ అనే రచయిత పుస్తకంగా రాస్తే, తర్వాత సినిమా, సీరియల్ కూడా అయింది. నాణెం పద్ధతికి నేను వ్యతిరేకిని కాను. మా పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరికీ ఓట్లు సమానమైతే మేమూ చీటీలే తీస్తాం. నాణేనికి ఒక గుణం ఉంది, అది నేను సూత్రం ప్రకారం పడ్డానని చెప్పుకోదు.

తమరి రాజ్యంలో నాకు పూర్తిగా నచ్చిన ఆట ఒకటుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దని మనవి. పిల్లలు దొరకని చిన్న ఊళ్లలో ఆరుగురితో ఆడేది. 1934లో నెబ్రాస్కాలో స్టీఫెన్ ఎప్లర్ అనే ఆయన కనిపెట్టాడు. మైదానం నూరు గజాలు కాదు, ఎనభై. వెడల్పు నలభై. ముందుకు పది కాదు, పదిహేను గజాలు పోవాలి. తన్ని గోలు చేస్తే మూడు కాదు, నాలుగు పాయింట్లు, ఎందుకంటే ఆరుగురిలో అలా తన్నగలవాడు దొరకడమే గొప్ప. మొదటి సగం గడిచాక ఎప్పుడైనా 45 పాయింట్ల తేడా వచ్చిందంటే ఆట అక్కడికి సరి, అందరూ ఇళ్లకు. పిల్లలు తక్కువని ఊరిని ఆట నుంచి తీసెయ్యకుండా, ఆటనే ఊరికి సరిపడేలా కత్తిరించారు. ఎవడో సర్వేయరు గొలుసు పట్టుకుని పొలం దాకా నడిచినట్టుంది. 91–0 నాటి పిల్లలకు ఈ 45 నియమం ఉంటే ఇంటికి తొందరగా వెళ్లి భోంచేసేవాళ్లు.

చివరగా, నా స్వార్థం దాచుకోను. డిసెంబరులో ధనుర్మాసం రాకముందే తాడేపల్లిగూడెంలో మా అన్నయ్య మనవరాలి పెళ్లి. బ్యాండు పిల్లలు జట్టు ఓడేదాకా కదలకూడదట. మావాడి జట్టు మొదటి డివిజనులో పడితే కొమ్ములు తిరిగిన బడులున్నాయి, థాంక్స్‌గివింగ్ లోపే ఇంటికొచ్చేస్తారని అబ్బాయి అంచనా. రెండో డివిజనులో పడితే ఆర్లింగ్టన్ ఫైనల్ దాకా వెళ్లినా వెళ్లొచ్చట. హైదరాబాదు టికెట్లు కొనాల్సింది ఆగస్టులో, సంగతి తేలేది నవంబరులో. రీఫండు వచ్చే టికెట్టు ధర చూసి కోడలు తమరిని ఏమందో ఈ లేఖలో రాయలేను. కాబట్టి వచ్చే ఫిబ్రవరి నుంచైనా 6A డివిజన్లు ముందే ప్రకటించవలసిందిగానూ, ఈ అర్జీ అందినట్టు ఒక నంబరు ఇప్పించవలసిందిగానూ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, ట్రాంబోను అబ్బాయి తాతగారు.

ప్రతి: పెళ్లికూతురి తండ్రికి – సమాచార నిమిత్తం, ఒక సీటు ఖాళీగా ఉంచుటకు.