నిన్నటి అమెరికా పార్టీ

కూకట్‌పల్లిలో పాత ఫ్లాటు. ఓనరు చెప్పింది 85 లక్షలు. మనం 75 అనబోతే బ్రోకరు గొంతు తగ్గించి, "నిన్ననే అమెరికా పార్టీ 82కి అడిగి వెళ్లారు సార్" అంటాడు. ఆ పార్టీ ఊళ్లో ప్రతి ఫ్లాటునూ నిన్ననే అడిగి వెళ్తుంది, ఒక్కటీ కొనదు! సరే, 80కి తెగిందనుకోండి. రిజిస్ట్రేషన్ నాటికి అదే ఇల్లు 45 లక్షలైపోతుంది. ధర అంతలా పడిపోయినా ఓనరు మొహంలో దిగులుండదు, మిగతాది సంచీలో అందుతుంది మరి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని 2015 నుంచీ చట్టం ఉంది, పాపం. కొనేవారు మాత్రం ఎదురు ఫ్లాటు ఎంతకు పోయిందో ముందు వాచ్‌మన్‌ని అడగండి. బ్రోకరు కంటే అతనికే బాగా తెలుసు.