వచ్చేస్తున్నా సార్!

వారం రోజులుగా రాత్రి తొమ్మిదయితే చాలు, మా ఇంట్లో ఏడో తరగతి టెన్సులు. చదువు మా అమ్మాయిది, టెన్షను నాది. 'ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో.' రేపు కదా, ఫ్యూచర్ అన్నాను. మర్నాడు నోట్సులో ఎర్ర ఇంటూ. సింపుల్ ప్రెజెంటట! రేపటి బండికి ఇవాళ్టి క్రియ. 'ఇటీజ్ టైమ్ వియ్ వెంట్ హోమ్' అన్నచోట మనిషి ఇంకా కుర్చీలోంచి లేవనే లేదు, క్రియ అప్పుడే ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంది. ఆ 'వెంట్' అయినా 'గో' కడుపున పుట్టిందా? కాదు, 'వెండ్' అనే ఇంకో క్రియ బిడ్డ, దత్తత వచ్చింది. 'పుట్'కి మూడు రూపాలూ పుట్టే. 12 గళ్ళ పట్టిక గోడకి అంటించాం, ఏ వాక్యమూ గడిలో కుదురుగా కూర్చోదు.

అయినా ఇంగ్లీషుని అని ఏం లాభం? మా ప్లంబర్ కంటేనా! వంటింటి కుళాయి కారడం మొదలై పది రోజులు. మొదటి ఫోనుకి 'వస్తా సార్' అన్నాడు. తెలుగులో రోజూ వచ్చేవాడూ వస్తాననే అంటాడు, రేపొచ్చేవాడూ వస్తాననే అంటాడు, ఎన్నటికీ రానివాడూ అంతే. చిన్నయసూరి భూత భవిష్యద్వర్తమానాలు చాలక తద్ధర్మం అని ఇంకోటి చెప్పింది ఇలాంటివాళ్ళతో పడలేకే అయ్యుంటుంది. రెండో ఫోనుకి 'వస్తున్నా'. వెనక ఇడ్లీ ప్లేట్ల చప్పుడు. మూడోసారి 'బయల్దేరా'. నాలుగోసారి 'వచ్చేశా సార్, మీ సందులోనే ఉన్నా'. చెప్పులేసుకుని దిగి చూస్తే సందులో ఓ కుక్క ఉంది. నీళ్ళు మాత్రం కంటిన్యువస్. అర్ధరాత్రి లేచి బకెట్టు పారబోసేది నేను. 'రాను' అంటే ఇంకొకణ్ణి పిలుచుకుంటాను కదా! ఆ ఒక్క రూపం మాత్రం చచ్చినా అతని నోట రాదు.

మొన్న అతణ్ణి తిట్టి ఫోను పెట్టానో లేదో, ఊరినుంచి అమ్మ.

"పండక్కి ఎప్పుడొస్తున్నార్రా?"

"వచ్చేస్తున్నాం అమ్మా."

ఉగాదికీ అదే అన్నాను. దసరాకీ అదే. అమ్మాయి పెన్సిలు ఆపి నా వంక చూసింది. టెన్సు అడగలేదు.

"సరే, అరిసెలకి బియ్యం నానబోశాన్రా" అంది అమ్మ.

మా అమ్మ 'నానబోశాను' అందంటే, నానబోసేసినట్టే.