తిమింగలాలకు మర్యాద తెలియదు

పాత్రలు
టెకీ: రెడ్మండ్‌లో ఉద్యోగం. దేనికైనా రేటింగ్ ఇవ్వందే నిద్రపట్టదు.
కోడలు: అతని భార్య. లోకాన్ని ఫోనులోంచే చూస్తుంది.
పెన్షనర్: టెకీ తండ్రి. డాలర్లను రూపాయల్లోకి మార్చాకే నోరు తెరుస్తాడు.
అత్తగారు: టెకీ తల్లి. ఒడిలో పులిహోర డబ్బా.
గైడ్: సియాటిల్‌లో సముద్ర జీవశాస్త్రం చదువుతున్న తెలుగమ్మాయి.

(అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం. అనకోర్టెస్ రేవు నుంచి శాన్ వాన్ దీవుల వైపు బోటు వెళ్తోంది. జూన్ నెలే అయినా అందరూ స్వెట్టర్లలో ఉన్నారు.)

పెన్షనర్: మనిషికి నూట యాభై డాలర్లా! అంటే పదమూడు వేలు. నలుగురికి యాభై రెండు వేలు. ఆ డబ్బుతో కాశీ, గయ, ప్రయాగ చూసి పితృదేవతలను కూడా తృప్తిపరచి రావచ్చు.

టెకీ: గ్యారంటీ ఉంది నాన్నా. తిమింగలం కనబడకపోతే ఇంకోసారి ఫ్రీగా తీసుకెళ్తారు.

పెన్షనర్: అయితే కనబడకపోతేనే లాభం.

గైడ్: అందరూ కుడివైపు చూడండి! దూరంగా నల్లటి రెక్కలు కనబడుతున్నాయా? ఓర్కాలు. మగదాని వీపు మీది రెక్క ఆరడుగుల దాకా పెరుగుతుంది. తిమింగలం అంటాం గానీ ఇది డాల్ఫిన్ జాతిదే, వాటన్నిట్లోకీ పెద్దది.

కోడలు: అదేంటి, బోటు అటు పోకుండా ఇటు తిరుగుతోంది?

గైడ్: అవి సదరన్ రెసిడెంట్లనే ఓర్కాలండీ, జె పాడ్ అనే గుంపు. ఇప్పుడే రేడియోలో చెప్పారు. 2025 జనవరి నుంచి ఈ రాష్ట్రంలో ఏ బోటైనా వాటికి వెయ్యి గజాల దూరంలో ఉండాలి.

టెకీ: దాదాపు కిలోమీటరు! డబ్బు కట్టింది చూడ్డానికా, పారిపోవడానికా?

గైడ్: జె, కె, ఎల్ మూడు పాడ్‌లూ కలిపితే 2024 జూలై లెక్కకు 73 మిగిలాయి. ఇవి చేపను చెవితో వెతుకుతాయండీ. తాము చేసిన చప్పుడు చేపకు తగిలి తిరిగొస్తే, దాన్నిబట్టి అదెక్కడుందో పసిగడతాయి. బోట్ల రొదలో ఆ ప్రతిధ్వని వినబడదు.

అత్తగారు: విస్తరి ముందు కూర్చున్నవాళ్ల పక్కన పిండిమర ఆడించినట్టు!

పెన్షనర్: కిల్లర్ వేల్ అంటారుగా. మనల్ని మింగుతుందని భయపడి తప్పుకుంటున్నారేమో.

గైడ్: సముద్రంలో తిరిగే ఓర్కా మనిషిని చంపినట్టు ఒక్క దాఖలా లేదండీ. వీటికి ముఖ్యంగా కావలసింది చినూక్ సాల్మన్. దానికే కరువొచ్చింది. నదుల మీద ఆనకట్టలు కట్టాం, అది గుడ్లు పెట్టే వాగుల్ని పాడుచేశాం, మిగిలినదాన్ని వలేసి పట్టాం.

టెకీ: (శాండ్‌విచ్ కొరుకుతూ) పాపం! గవర్నమెంటు ఏదో ఒకటి చేయాలి.

గైడ్: మీరు తింటున్నదేంటండీ?

టెకీ: కింగ్ సాల్మన్. ఈ ఊరొచ్చాక ఇది లేనిదే ముద్ద దిగదు. ఒమేగా త్రీ!

గైడ్: చినూక్‌నే షాపుల్లో కింగ్ అని అమ్ముతారండీ.

పెన్షనర్: వాటి కూడు వీడు తింటూ, అవి ఎదురొచ్చి నమస్కారం పెట్టలేదని అలుగుతున్నాడు.

(బోటు ఇంకో గుంపు వైపు వెళ్లింది.)

గైడ్: ఇవి బిగ్స్ ఓర్కాలు. చేప ముట్టవు, సీల్, సీ లయన్ లాంటివే తింటాయి. 1972లో సీళ్లను కాపాడే చట్టం వచ్చాక ఇక్కడ అవి బాగా పెరిగాయి, వీటికి తిండికి లోటు లేదు. 200 గజాల దాకా వెళ్లొచ్చు.

కోడలు: అమ్మో, సీల్‌ను గాల్లోకి ఎగరేసింది! ఛ, సరిగ్గా అప్పుడే ఫోన్లో స్టోరేజీ నిండిపోయింది. ఇంకోసారి చేయిస్తారా?

గైడ్: ఆ సీల్‌కు వీలుపడదండీ.

పెన్షనర్: ఇంత గాలిలో ఈ ఊగులాట ఎందుకమ్మా? ఒక తొట్టిలో వేస్తే హాయిగా కూర్చుని చూస్తాం, చప్పట్లు కొడతాం.

గైడ్: ఆ ముచ్చటా తీరిందండీ. 1970లో ఈ దగ్గర్లోనే పెన్ కోవ్‌లో వలలు వేసి ఓర్కా పిల్లల్ని పట్టుకుపోయారు. అందులో ఒకటి టోకిటే. మయామీలో లోలిటా అని పేరు పెట్టి యాభై ఏళ్లకు పైగా తొట్టిలోనే ఉంచారు. ఇంటికి పంపిద్దామని మాటలు జరుగుతుండగానే 2023లో చనిపోయింది.

టెకీ: ఆ షోకి రివ్యూలు బాగానే వచ్చుంటాయి.

అత్తగారు: నోర్ముయ్. తల్లి దగ్గర్నుంచి లాక్కుపోయారంటోంది, వినబడటం లేదూ?

గైడ్: రెసిడెంట్లలో కొడుకైనా కూతురైనా బతికినంతకాలం తల్లి వెంటే ఉంటారు అత్తయ్యగారూ. కాన్పులు ఆగిపోయాక కూడా ఆడవి ఎన్నో ఏళ్లు బతుకుతాయి. చేప దొరకని ఏడు ముందుండి దారి చూపేది ఆ పెద్దావిడలే.

అత్తగారు: (కొడుకుతో) విన్నావుట్రా?

టెకీ: వాటికి వీసా గొడవ లేదు కదమ్మా.

కోడలు: జన్మంతా అత్తగారి దగ్గరేనా!

గైడ్: వాటిలో కోడలి పోస్టే లేదండీ. మగది వేరే కుటుంబంలోని ఆడదానితో జతకట్టి, తిరిగి తల్లి దగ్గరికే వెళ్లిపోతుంది.

కోడలు: ఈ పద్ధతేదో బాగుందే!

టెకీ: ఆ జె పాడ్‌ను దగ్గర్నుంచి చూసే దారే లేదా?

గైడ్: ఉంది. శాన్ వాన్ దీవి పడమటి ఒడ్డున లైమ్ కిల్న్ పాయింట్ అని పార్కు ఉంది. బండ మీద కూర్చోండి. వాటికి బుద్ధి పుడితే ఒడ్డు వారనే పోతాయి. బోటూ అక్కర్లేదు, రొదా ఉండదు.

టెకీ: బుద్ధి పుట్టకపోతే?

గైడ్: సముద్రం చూసి రావడమే.

టెకీ: గ్యారంటీ లేనిదానికి వీకెండ్ ఎలా తగలేస్తాం? (ఫోనులో రాస్తూ) రెండు స్టార్లు. సిబ్బంది మంచివాళ్లే. తిమింగలాలకే కస్టమర్ సర్వీస్ తెలియదు.

పెన్షనర్: (గొంతు తగ్గించి) ఒరేయ్, చూశామని రాయకు. కనబడలేదంటే ఇంకో ట్రిప్పు ఫ్రీ కదా!

కోడలు: అయ్యో మామయ్యగారూ, ముందే చెప్పకూడదూ! ‘ఓర్కా ఫ్యామిలీతో మా ఫ్యామిలీ’ అని ఇప్పుడే పోస్టు పెట్టేశా. కంపెనీవాళ్లు లైకు కూడా కొట్టేశారు.