నేను కారు మీది రంగును

నేను అందం కోసమే పుట్టానని చాలామంది అనుకుంటారు. నా పుట్టుక చూస్తే అది సగం నిజమేనని తెలుస్తుంది. ఉక్కు రేకులతో కూర్చిన కారు బాడీకి ముందు జింక్ ఫాస్ఫేట్ పూత పడుతుంది. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటు పంపి, మూలమూలకూ ప్రైమర్ పట్టిస్తారు. 160 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిలో దాన్ని గట్టిపరుస్తారు. ఆపైన మామూలుగా మరో ప్రైమర్, రంగు, క్లియర్ కోట్. ఇన్ని పొరలు కలిపినా నా మందం దాదాపు 100 నుంచి 120 మైక్రాన్లే. అందం పై రెండు పొరలది. అడుగు పొరల పని రేకుకు నీరు, గాలి, ఉప్పు తగలకుండా కాపలా కాయడం. అందుకే నాకు తగిలిన దెబ్బను వెడల్పును బట్టి కాక లోతును బట్టి కొలవమంటాను.

హైవే మీద లారీ చక్రం కింది కంకర ఎగిరితే దెబ్బ ఎక్కువగా బానెట్ ముందంచుకే. పెచ్చు రాలినచోట మెరుపు లేని ప్రైమర్ కనిపిస్తే కాపలా ఇంకా ఉన్నట్టే, కంగారు అక్కర్లేదు. మెరిసే లోహం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. ప్లాస్టిక్ బంపర్‌కైతే తుప్పు భయమే లేదు. ఆవగింజంత మచ్చకు ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. తుప్పు మచ్చ దగ్గరే ఆగదు. తడి, ఉప్పు అందితే నా అంచుల కిందికి పాకి, రంగును బుడగలుగా లేపుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఆ ముప్పు మరీ ఎక్కువ. ఇప్పటి రేకులకు జింక్ పూత ఉంటుంది కదా అన్న మాటలోనూ నిజముంది. జింక్ తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. కానీ కరిగేది ఏదో ఒకనాటికి తరిగిపోతుంది, పైగా ప్రతి కారులో ప్రతి రేకుకూ ఆ పూత ఉండదు.

కొత్త కారు గనుక బానెట్ మొత్తానికి రంగు కొట్టిద్దామన్న ఆశను తప్పు పట్టను. కానీ టైర్లు, వైర్లు, ప్లాస్టిక్ బిగించిన కారును ఫ్యాక్టరీ వేడిలో పెట్టలేరు. షెడ్డు బూత్‌లో తక్కువ వేడికే ఆరే రంగులు వాడతారు. మంచి పెయింటరు చేతిలో ఆ పని చక్కగానే కుదురుతుంది, అయినా అందుకోసం చెక్కుచెదరని నా పొరలను ముందు గీకాల్సిందే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే, మొదటి ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో దక్కే 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. దానికన్నా కలర్ కోడ్ చూసి టచప్ సీసా తెచ్చుకోవడం మేలు. మచ్చను కడిగి ఆరబెట్టి, తుప్పుంటే సన్న ఎమరీ కాగితంతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. లోహం మీద ముందు ప్రైమర్, తర్వాత రంగు, క్లియర్ పుల్ల కొనతో పలుచగా అద్ది, ప్రతి పూతనూ ఆరనివ్వాలి. మెటాలిక్ రంగులో రేణువులు స్ప్రేతో పడినట్టు పరుచుకోవు గనుక, దగ్గరికెళ్లి చూస్తే చుక్క తెలుస్తుంది. తెలిస్తే నష్టమేమీ లేదు. రేకును కాపాడే పని అక్కడ మళ్లీ మొదలైంది. ఆ చుక్క కనబడకుండా చేయడానికి చుట్టూ గట్టిగా ఉన్న నన్ను గీకించకండి.