కాస్తు గడి లేని పాసుపుస్తకం

నేను పట్టాదారు పాసుపుస్తకాన్ని. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత అచ్చయ్యాను. హుజూరాబాద్ దగ్గరి ఒక ఊళ్లో ఐదెకరాల ఇరవై గుంటలకు నేనే రుజువు. ఆ భూమిని మాత్రం ఇంతవరకు చూడలేదు. నా మకాం హైదరాబాద్‌లో, మా పటేలు ఇంటి బీరువాలో.

2018 మే 10న రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైంది మా హుజూరాబాద్‌లోనే. నాతోపాటు చెక్కులూ పంచారు. ఎకరానికి పంటకు నాలుగు వేల చొప్పున మా పటేలుకు 22,000. మరుసటి ఏడు రేటు ఐదు వేలైంది, మొత్తం 27,500కు పెరిగింది. నాటు వేశారా, పడావు పెట్టారా అని అడిగినవాళ్లు లేరు. ఎకరాలకు పరిమితీ ఉండేది కాదు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఆదాయపన్ను కట్టేవాళ్లకు రాదు కాబట్టి పటేలుకు అందలేదు. రైతుబంధుకు ఆ పట్టింపూ ఉండేది కాదు.

పొలం దున్నేది ఊళ్లో ఉన్న కౌలుదారు. పటేలు ఆయన్ను మామా అంటాడు. ఒకసారి దసరాకు పటేలు ఊరికి పోతూ నన్ను సంచిలో వేసుకున్నాడు. అప్పుడు విన్నాను.

"పటేలా, బంధు పైసలు పడ్డయట గద. కౌలుల ఏమన్న తగ్గిస్తవా?"

"అది సర్కారు నాకిచ్చింది మామా. కౌలు లెక్క వేరు."

పటేలు చెడ్డవాడని అనను. ఐకేపీ కేంద్రంలో వడ్లు అమ్మడానికి మామ ఫోన్ చేస్తే నా ఫొటో వాట్సాప్‌లో వెంటనే పంపుతాడు. అయినా లెక్క లెక్కే. రైతుబీమా సంగతి చూడండి. పటేలు ఏసీ గదిలో కన్నుమూసినా ఇంటికి ఐదు లక్షలు వస్తాయి. గుంట భూమి కూడా పేరున లేని మామ ఆ పొలం గట్టున పాము కరిచి పోతే పైసా రాదు.

మా వంశంలో పెద్దది పహాణీ. అందులో పట్టా గడి ఒకటి, కాస్తు గడి ఒకటి. ఈ ఏడు ఎవరు సేద్యం చేశారో రెండోదాంట్లో రాసేవారు. కౌలుదారు పేరు అక్కడ పడితే రేపు భూమే అడుగుతాడని పట్టాదార్లకు గుబులు. ఆ భయం ఉత్తదీ కాదు. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లు హక్కుదార్లయ్యారు. ప్రక్షాళనలో ఆ గడే తీసేశారు. నాలో ఖాతా నంబరుంది, సర్వే నంబరుంది, విస్తీర్ణముంది, పటేలు ఫొటో ఉంది. మామ పేరు రాయడానికి చోటు లేదు.

2023 ఎన్నికల్లో కౌలుదార్లకూ సాయం ఇస్తామన్నారు. 2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతుభరోసా వచ్చింది, పంటకు ఎకరానికి ఆరు వేలు. మా లెక్కన 33,000. పడిన ఖాతా మాత్రం మళ్లీ పటేలుదే.

యాజమాన్యం జోలికి పోకుండా సాగుదారును గుర్తించే దారి ఎప్పుడో వేశారు. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వమంటుంది; దానితో భూమిపై హక్కేమీ రాదు. అయ్యా, ఆ కార్డును పెట్టుబడి సాయానికీ బీమాకూ చెల్లనివ్వండి. లేదంటే ఈసారి నన్ను అచ్చువేసేటప్పుడు కాస్తు గడి ఒకటి గీయండి. రెండు పేర్లు మోయడం నాకేం బరువు కాదు.